కథ అందరిదీ, కేసు కొందరిదేనా?

తెలుగునాట రాజకీయానికి ఇతిహాసం లేనిదే పూట గడవదు. వెండితెర రాముడిగా, కృష్ణుడిగా ఇంటింటా కొలువైన ఎన్.టి.రామారావు 1982లో పార్టీ పెట్టి, చైతన్యరథమెక్కి, తొమ్మిది నెలల్లో అధికారం చేపట్టారు. 2021 నవంబరులో చంద్రబాబునాయుడు ఆంధ్రప్రదేశ్ శాసనసభను కౌరవసభగా నిందించి బయటికి నడిచారు. ప్రత్యర్థిని శకుని అనడం, ధృతరాష్ట్రుడనడం మన నాయకులకు నిత్యకృత్యం. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. పాలకుడు ఓటు కోసం ఇతిహాసాన్ని వాడుకోవచ్చు గానీ, పాలితుడు అదే ఇతిహాసంతో పాలకుణ్ని ప్రశ్నించకూడదా?

ధృతరాష్ట్రుని సింహాసనం మీద నేటి మంత్రిని కూర్చోబెట్టి, శకుని పాచికలను టెండరు కాగితాలుగా మార్చి కథ రాయడం కొత్త విద్య కాదు. ఇతిహాసాన్ని అధికారంపై ప్రశ్నగా తిరిగి చెప్పడం తెలుగులో నూరేళ్ల సంప్రదాయం. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే ‘శంబుకవధ’ రాశారు. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రాశారు. ఓల్గా ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. వీటిని వ్యతిరేకించినవారున్నారు, ఖండనలు రాసినవారున్నారు. అది సాహిత్య మర్యాద. అయితే అలాంటి పుస్తకం మీద సిద్దిపేట ముస్లిం యువకుడి పేరుంటే ఏమవుతుంది? ఖండన వస్తుందా, పోలీసు జీపు వస్తుందా?

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2021 జనవరి 1న ఇందోర్‌లో హాస్యకళాకారుడు మునవ్వర్ ఫారూఖీని దేవతలను అవమానించాడన్న ఫిర్యాదుపై అరెస్టు చేశారు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా నెలకు పైగా జైలే గతి అయింది. మరుసటి ఏడాది ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో అతని ప్రదర్శన భారీ పోలీసు బందోబస్తు నడుమ జరిగింది. ముస్లిం పేరే ఉండనక్కరలేదు. రాముడిపై టీవీ చర్చలో చేసిన వ్యాఖ్యలకు 2018 జులైలో కత్తి మహేశ్‌ను ఆరు నెలలు హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. బలహీనుల గొంతుకు ఒక న్యాయం, బలవంతుల గొంతుకు మరొక న్యాయం అమలవుతున్నాయి.

‘మా ఇతిహాసాలతో మీకేం పని?’ అని అడిగేవారు సిద్దిపేట జిల్లాలోని చేర్యాలకు రావాలి. అక్కడి నకాషీ పటాలు ఒక్కొక్క కులానికి దాని పురాణాన్ని చూపుతాయి. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. కథ ఏ ఒక్కరి పట్టా భూమీ కాదని ఆ పటమే సాక్ష్యం. ‘నకాషీ’ అన్న మాట కూడా ఉర్దూ ‘నఖ్ష్’ నుంచి వచ్చిందే. 2016 దాకా సిద్దిపేటతో పాటు మెదక్ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరులో కుతుబ్‌షాహీల కాలపు అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. అది మహాభారత కథ, అచ్చతెలుగు కావ్యం. పిఠాపురం ఉమర్ అలీషా ‘అనసూయ’ నాటకం రాశారు. మనం ఈ కథల గడపలో నిలబడిన పరాయివాళ్లం కాము.

మన ఇళ్లలోనూ ఒక సందేహం ఉంది: ‘ఇతరుల ఆరాధ్యులను దూషించవద్దని ఖురాన్ ఆదేశం కదా?’ నిజమే. ఆరవ సూరా 108వ ఆయతు చెప్పేది అదే. దానికి మనం కట్టుబడాలి. కానీ ధృతరాష్ట్రుడి వేషంలో మంత్రిని చూపడం దైవదూషణ కాదు, అధికార విమర్శ. గీటురాయి ఒక్కటే: వ్యంగ్యం గద్దెమీదివాణ్ని తాకుతోందా, గల్లీలో బతికేవాణ్ని గాయపరుస్తోందా? రెండోది మనం రాసినా తప్పే, మనమీద రాసినా తప్పే.

చట్టం సంగతీ నిజాయితీగా మాట్లాడుకుందాం. 1927లో ‘రంగీలా రసూల్’ ప్రచురణకర్తను లాహోర్ హైకోర్టు విడిచిపెట్టినప్పుడు ముస్లింలు చేసిన ఆందోళన ఫలితంగానే 295-ఎ సెక్షన్ వచ్చింది. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షన్‌గా ఉంది. బుద్ధిపూర్వక దురుద్దేశం ఉంటేనే అది నేరమవుతుంది. ఆ షరతును పక్కనబెట్టి, ఫిర్యాదు రాగానే అరెస్టు చేస్తే విచారణకు ముందే శిక్ష పడినట్టే. పెరియార్ రామాయణ విమర్శకు హిందీ అనువాదం ‘సచ్చీ రామాయణ్’ను ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జప్తు చేస్తే, అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 1976లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. ఆ రక్షణ పేరు చూసి ఇచ్చేది కాకూడదు.

కనుక మనం ప్రత్యేక హక్కు కోరడం లేదు. రంగనాయకమ్మకు, ఓల్గాకు ఉన్న హక్కే మన పిల్లలకూ ఉండాలంటున్నాం. కలం పట్టిన యువకుణ్ని ‘మనకెందుకీ గొడవ’ అని పెద్దలు వారించవద్దు. అతడు దూషణకు దిగితే సరిదిద్దండి. అధికారాన్ని ప్రశ్నిస్తే మాత్రం ఠాణా మెట్ల దగ్గర అతణ్ని ఒంటరిగా వదలకండి.