శృతి దించుకునే హక్కు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాట లేకుండా ఏ సభా మొదలు కాదు. సంస్మరణ సభ కానీ, పుస్తకావిష్కరణ కానీ, సంఘం మహాసభ కానీ, ముందు పాటగాడు రావాలి. ఆ పాటగాళ్లలో చాలామంది ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. ఇరవై అయిదేళ్ల గొంతుతో ఎత్తుకున్న పాటల్నే ఇవాళా పాడుతున్నారు, మనం అవే అడుగుతున్నాం కనుక. పై స్థాయి చరణం దగ్గరికి వచ్చేసరికి మెడ నరాలు పొంగుతాయి. చెయ్యి చెవి మీదికి పోతుంది. గొంతు చీలుతుంది. ముందు వరుసలో ఎవరో దాన్ని ఫోన్‌లో పట్టేస్తారు. తెల్లారేసరికి ‘అన్న గొంతు పోయింది’ అనే మాట ఊళ్లు తిరుగుతుంది. ఆ మాట అన్యాయమని చెప్పడానికే ఈ సంపాదకీయం.

ఈ నేల పాట పై శృతిలో పుట్టడానికి కారణం ఉంది. మైకు లేని రోజుల్లో, ఆరుబయట, డప్పుల మోతను దాటి చివర నిలబడ్డ మనిషికి మాట అందాలి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఒక్కసారి వెళ్లినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. భేరీలు, ‘ఓ లింగా’ కేకల మధ్య నెమ్మదైన గొంతు పక్కవాడికి కూడా వినబడదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు ప్రజల్లోకి తీసుకెళ్లిన బుర్రకథ, గొల్లసుద్దులు ఆ ఆరుబయటి కళలే. తర్వాత జననాట్యమండలి ఆ ఎత్తును వేదిక పాటకు కొలతగా నిలబెట్టింది. గద్దర్ అరవై దాటాక, 2011లో ‘జై బోలో తెలంగాణ’ సినిమాకు పాడినప్పుడు కూడా అదే నిండు గొంతు. అందరి దేహం అలా సహకరించదు.

అయితే పాతకాలపు ఆటపాటల్లో గొంతుకు రెండు ఆసరాలు ఉండేవి. డప్పును మంట దగ్గర కాచి బిగిస్తారు, దానికి హార్మోనియంలా కట్టేసిన శృతి లేదు. ఆ రాత్రి పాటగాడి గొంతు ఎక్కడ నిలబడితే అక్కడే పాట ఎత్తుకునేవాడు, గుంపు ఆ ఎత్తునే అందుకునేది. రెండో ఆసరా వంత. బుర్రకథలో కథకుడికి అటొకరు, ఇటొకరు. ఒగ్గుకథలోనూ, గొల్లసుద్దుల్లోనూ పక్కన అందుకునేవాళ్లుంటారు. వాళ్లు అందుకున్నంతసేపూ పెద్దాయన ఊపిరి తీసుకుంటాడు. కథ నడిపేది పెద్ద గొంతు, రాగాన్ని మీదికి లేపేది పడుచు గొంతులు. వయసును దాచకుండానే దాని భారాన్ని నలుగురికీ పంచిన పద్ధతి అది.

ఇప్పుడు ఆ రెండూ పోయాయి. నిర్వాహకులు ఒక్కరినే పిలుస్తారు, మిగతా బృందానికి డబ్బులు లేవంటారు. డప్పు స్థానంలో పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ వస్తుంది. అది ఎప్పుడో, అతను పడుచువాడిగా ఉన్నప్పుడు, స్టూడియోలో కట్టిన శృతి. కొన్నిసార్లు అది వేరే గాయకుడి శృతి కూడా. ట్రాక్ మొదలైతే ఇక దిగే దారి లేదు. ట్రాక్ బదులు కీబోర్డు ఉన్నచోట, వాయించే పిల్లవాడు ఒక మీట నొక్కితే శృతి దిగుతుంది. కానీ ‘ఎంతలో పాడతావు పెద్దాయనా’ అని వేదిక ఎక్కేముందు అడిగేవాళ్లేరి?

ఇది మన దగ్గరి చిక్కు మాత్రమే కాదు. పాశ్చాత్య దేశాల్లో హెవీ మెటల్ అనే సంగీతానికి ఆకాశాన్నంటే కేకే ప్రాణం. ఆ సంగీతానికి దారి వేసిన డీప్ పర్పుల్ బృందం 1970లో ‘చైల్డ్ ఇన్ టైమ్’ విడుదల చేసినప్పుడు గాయకుడు ఇయాన్ గిలన్‌కు పాతికేళ్లు కూడా నిండలేదు. 2002 తర్వాత ఆయన ఆ పాటను కచేరీల్లో పాడడం మానేశాడు. బృందం మాత్రం మిగతా పాటలతో ఊళ్లు తిరుగుతూనే ఉంది. మెటాలికా బృందం ఏళ్ల తరబడి కచేరీల్లో గిటార్ల తీగలే అర శృతి దించి వాయిస్తోంది. స్టేడియాలు నిండుతూనే ఉన్నాయి. కేక మీదే బతికే సంగీతం ఆ మర్యాద పాటించగలిగినప్పుడు మనకేమిటి అడ్డం?

దేహం సంగతి తెలియనిది కాదు. వయసు పైబడేకొద్దీ స్వరతంత్రులు పలచబడతాయి, సాగే గుణం తగ్గుతుంది. స్వరపేటికలోని మృదులాస్థి గట్టిపడుతుంది. ఊపిరి పట్టు సడలుతుంది. నల్లగొండకు ఇంకో శాపం ఉంది. ఫ్లోరోసిస్ ముదిరిన దేహంలో పక్కటెముకల కీళ్లు బిగుసుకుపోయి ఛాతీ సరిగా విచ్చుకోదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన తరంలో పాటగాళ్లూ ఉన్నారు. అలాంటి మనిషిని ‘ఇంకొంచెం ఎత్తు అన్నా’ అని అరిచి అడగడం అభిమానం కాదు.

శృతి దించితే పాటలో నిప్పు చల్లారుతుందనే వాదన వింటున్నాం. కొన్ని పాటల విషయంలో అది నిజమే. ఆ ఎత్తులోనే కోపం ఉంటుంది. అలాంటి పాటల్ని పడుచు గొంతులకు అప్పగించడం మేలు. తక్కినవాటికి ఈ భయం అక్కర్లేదు. నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు, 2024లో పద్మశ్రీ పొందిన దాసరి కొండప్ప దారి తత్వాలది. తత్వం పాడేవాడు ముసలివాడైతే వినేవాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంటారు. ఆ వినికిడినే ఉద్యమ పాట దగ్గరికీ తెచ్చుకోవచ్చు.

ఎస్. జానకి 2017లో మైసూరు కచేరీతో వేదికకు సెలవు చెప్పారు. ఆ వెసులుబాటు పల్లె పాటగాడికి లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరతో పండుగ సాయన్న కథ పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తూ పత్రికలకెక్కారు. నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. పద్మశ్రీ వచ్చిన మనిషికే ఇలా ఉంటే, ఏ బిరుదూ లేని పాటగాడు గొంతు చీలినా పాడక ఏం చేస్తాడు?

సభలు జరిపే మిత్రులకు మా విన్నపం ఇది. పాటగాడిని పిలిచేటప్పుడు ఒక్కరినే పిలవకండి, వంతకు ఇద్దరిని కూడా పిలవండి. ఉపన్యాసాలన్నీ అయ్యాక అర్ధరాత్రి చలిలో కాకుండా సభ మొదట్లోనే పాడించండి. ట్రాక్ కాకుండా డప్పు పెట్టండి, తప్పనిసరైతే శృతి ఎంతో ఆయన్నే అడిగి కట్టించండి. ఏ పాట పాడాలో, ఎంత ఎత్తులో పాడాలో ఆయనకే వదిలేయండి. పారితోషికం వేదిక దిగేలోపే చేతిలో పెట్టండి.