బ్యాగులో చాకుంటే తప్పేమిటి?

"ఇదేందక్కా, బ్యాగుల కత్తి పెట్టుకొని తిరుగుతున్నవ్! ఎవలనన్న పొడుస్తవా ఏంది?"

మొన్న రామగుండం స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు మా వీధి అమ్మాయి అన్నమాట ఇది. ఇంతకీ నేను చేసిన ఘనకార్యమల్లా పిల్లలకు జామకాయ కోసివ్వడానికి బ్యాగులోంచి మడత చాకు తీయడమే! అదే బెంచీ చివర ఒక పెద్దాయన తన జేబులోంచి చాకు తీసి దోసకాయ చెక్కు తీస్తున్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మాట రైలెక్కాక కూడా నన్ను వదల్లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మనకు కత్తితోనే కదా సావాసం! కత్తిపీట ముందు కూర్చోని రోజుందా? పొలాల్లో కొడవలి పట్టి వరి కోసేది ఎవరు? మిషన్ ముందు కత్తెర ఆడించేది ఎవరు? ఇంట్లో ఉన్నంతసేపు కత్తి మనకు పనిముట్టు. గడప దాటితే చాలు, అది ఆయుధమైపోతుంది! అసలు 'జేబు చాకు' అన్న పేరులోనే ఉంది కిటుకంతా. మన బట్టలకు జేబులెక్కడివి?

మా గోదావరిఖనిలో బాయి పనికి పోయే ఇళ్లల్లో జేబు చాకు కొత్త వస్తువేం కాదు. మా ఆయన సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. కేబుల్ మీది రబ్బరు ఒలవడానికి ఆయన దగ్గర ఒక మడత చాకు ఉండేది. టిఫిన్ డబ్బా మరచిపోయిన రోజులున్నాయి గానీ ఆ చాకు మరచిపోయిన రోజు లేదు. దసరాకి స్పానర్లతో పాటు దానికీ పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసేవాళ్లం. అయినా ఇన్నేళ్లలో అలాంటిది నాకూ ఒకటుంటే బాగుండునని నాకు తోచనే లేదు.

తోచింది మా ఆడబిడ్డ కూతురి వల్ల. తండ్రి ఆరోగ్యం బాగాలేక పని మానేస్తే ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. స్టోర్సులో పని. రోజంతా కట్టలు విప్పడం, అట్టపెట్టెలు తెరవడం, ప్లాస్టిక్ పట్టీలు కోయడం. "ప్రతిదానికీ 'అన్నా, జర చాకియ్యవా' అని అడుక్కోవాల్సి వస్తున్నదత్తా" అంది ఒకరోజు. వాళ్లు ఇవ్వక కాదు, పాపం అడగ్గానే ఇస్తారు. కానీ పని తనదైనప్పుడు పనిముట్టు ఇంకొకరిదైతే ఎలా? 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సడలింపు ఇచ్చాక సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనుల్లో పగటిపూట దిగడానికి దారి దొరికింది. గనుల్లోకే వెళుతున్నవాళ్లం, చాకు దగ్గర ఆగిపోతే ఏం బాగుంటుంది?

సరే, ఆ పిల్లకొక మంచి చాకు కొనిద్దామనుకున్నాను. కొనేముందు నేనే వాడి చూద్దామని నాలుగు రకాలు సంపాదించి, రెండు నెలలు ఇంట్లోనూ నా టైలరింగు కొట్లోనూ వాడాను. బట్టల బేళ్ల సుతిలీ తాళ్లు, పార్సిల్ టేపు, సిమెంటు సంచులు, పాత సైకిల్ ట్యూబు, నిమ్మకాయలు... కోయనిది లేదనుకోండి!

మొదటిది సంతలో కొన్న చవక చాకు. చూడ్డానికి తళతళలాడుతూ ముద్దొచ్చేలా ఉంది. మూడోరోజే సంచి తాడు కోస్తుంటే బ్లేడు తనంతట తను మడుచుకుపోయి నా చూపుడువేలు తెగింది. రెండు కుట్లు పడ్డాయి. అప్పుడు తెలిసొచ్చింది, మడత చాకులో అన్నిటికంటే ముందు చూడాల్సింది పదును కాదు, లాకు! తెరిచిన బ్లేడు మళ్లీ మనం మడిస్తేనే మడవాలి. నా చవక చాకులో బ్లేడును పట్టి ఉంచేది ఒట్టి స్ప్రింగు మాత్రమే. పండు కోయడానికి అది చాలు. బలం పెట్టి, మొన గుచ్చి చేసే పనికి చాలదు.

రెండోది ఎర్రపిడి స్విస్ చాకు. 1884లో స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సనర్ పెట్టిన కార్ఖానా 1891 నుంచి అక్కడి సైనికులకు చాకులు చేసిచ్చింది. ఆ పేరే ఇప్పటికీ నడుస్తోంది. చిన్న కత్తెర, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసేది, అన్నీ ఒక్కదాంట్లోనే. నేను తీసుకున్న చిన్న రకంలో లాకు లేదు గానీ స్ప్రింగు గట్టిది. ఆఫీసుకి, కాలేజీకి, ప్రయాణానికి దీన్ని మించింది నాకు కనబడలేదు. మోటుపనికి మాత్రం కాదు.

మూడోది ఫ్రాన్సు వాళ్ల కర్రపిడి చాకు, ఒపినెల్. 1890 నుంచి చేస్తున్నారు. పిడి మెడ దగ్గర ఒక ఉక్కు ఉంగరం ఉంటుంది, తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. ఆ ఉంగరం 1955లో వచ్చింది. ఇంత సులువైన లాకు ఇంకోటి చూడలేదు. బ్లేడు పలుచన కాబట్టి కూరగాయలు, పళ్లు వెన్నలా తెగుతాయి. కాకపోతే తెరవడానికి రెండు చేతులూ కావాలి. తడి తగిలితే కర్రపిడి ఉబ్బి బ్లేడు బిగదీసుకుంటుంది. మన వానాకాలంలో కొంచెం కష్టమే!

నాలుగోది లైనర్ లాకు చాకు. పిడి లోపల ఒక సన్నని లోహపు రేకు ఉంటుంది. బ్లేడు తెరవగానే అది పక్కకు జరిగి బ్లేడు మడమకు అడ్డంగా నిలబడుతుంది. ఒక చేత్తో తెరవొచ్చు, ఒక చేత్తో మూయొచ్చు. మూసేటప్పుడు మాత్రం బొటనవేలితో రేకును నెట్టి, బ్లేడు కొంచెం వంగగానే వేలు దారిలోంచి తీసెయ్యాలి. నాలుగు రోజులు అలవాటయ్యేదాకా జాగ్రత్త. ప్లాస్టిక్ పట్టీలకు, ట్యూబుకు నిలబడింది ఇదే. ఆ పిల్ల కోసం నేను ఎంచింది కూడా ఇదే.

అయితే మా ఊళ్లో ఇంకో పరీక్ష కూడా ఉంది. బొగ్గుపొడి! ఓపెన్‌కాస్టుల పక్క ఊళ్లల్లో కాపురం చేసేవాళ్లకు చెప్పాలా, ఉతికి ఆరేసిన చీర మీద కూడా నల్లటి పొర. ఆ పొడి చాకు కీలులోకి, లాకు సందులోకి చేరి ముద్దకడుతుంది. అప్పుడు రేకు పూర్తిగా అడ్డం రాదు. పైకి చూస్తే లాకు పడినట్టే ఉంటుంది, బలం పెట్టేసరికి జారిపోతుంది. అందుకే వారానికోసారి పాత టూత్‌బ్రష్షుతో సబ్బునీళ్లు పెట్టి కడిగి, బాగా ఆరబెట్టి, కీలులో ఒక్క చుక్క మిషన్ నూనె వెయ్యండి. చుక్క చాలు, ఎక్కువైతే పొడి ఇంకా అంటుకుంటుంది. మరలతో బిగించిన పిడైతే విప్పి శుభ్రం చేసుకోవచ్చు, రివిట్లు కొట్టిందైతే కుదరదు. ఇది కొనేటప్పుడే చూసుకోవాలి.

ఇంకో నాలుగు మాటలు. బ్లేడు మూడంగుళాలుంటే రోజువారీ పనికి బోలెడు. కార్బన్ ఉక్కుకు పదును తొందరగా వస్తుంది గానీ నిమ్మకాయ కోసి తుడవకపోతే మచ్చ పడుతుంది, తడి తగిలితే తుప్పు. మతిమరుపు ఉన్నవాళ్లకు స్టెయిన్‌లెస్సే మేలు. కొనేముందు పిడిని చేత్తో పట్టి చూడండి. చాలా వరకు మగవాళ్ల చేతి కొలతకు చేసినవే, మన చేతికి లావైతే తడి చేత్తో జారిపోతాయి. మొద్దుబారిన చాకు మంచిదనుకోకండి. అది తెగదు కాబట్టి మనం బలం పెడతాం, జారి చెయ్యి తెగుతుంది. సానరాయి మీద అప్పుడప్పుడు రుద్దుకోవడం నేర్చుకోండి, పెద్ద విద్యేం కాదు. చాకుతో డబ్బా మూతలు పెకిలించకండి, మొన విరిగి కంటికి ఎగురుతుంది.

'ఇదంతా బాగానే ఉంది గానీ పోలీసులు పట్టుకోరా?' అని మీకు అనుమానం రావచ్చు. ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తుల్ని మారణాయుధాల జాబితాలో పెట్టారు. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవి అందులోకి రావు. అలాగని చాకు చేతిలో పట్టుకుని ఎవరినన్నా బెదిరిస్తే అది ఎంత చిన్నదైనా నేరమే. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో పెట్టనివ్వరు, లోపల వేసే లగేజీలో పెట్టాలి. గని లోపలికి ఏం తీసుకెళ్లాలో అక్కడి అధికారులు చెప్పినట్టే వినాలి.

ఇక అసలు మాటకొస్తాను. 2012 డిసెంబరులో ఢిల్లీ నిర్భయ ఘోరం జరిగింది. ఆ మరుసటి నెలలోనే ముంబైలో శివసేన వాళ్లు ఆడవాళ్లకు చాకులు పంచారు, ఆత్మరక్షణకట! ఇప్పటికీ కొందరు పెద్దలు 'ఆడపిల్లలూ, బ్యాగులో కత్తి పెట్టుకోండి' అని ఉచిత సలహాలిస్తూనే ఉన్నారు. రెండు నెలలు చాకు వాడినదాన్ని కాబట్టి చెబుతున్నా, అది ఉత్తమాట. బ్యాగు జిప్పు తీసి, దువ్వెన కింద వెతికి, మడత విప్పేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. ఎదుటివాడు బలవంతుడైతే ఆ చాకు వాడి చేతిలోకే పోతుంది. ఆపదలో చట్టం మనకు ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది నిజమే. కానీ అంతకంటే ముందు పరుగు, అరుపు, 112, 181 నంబర్లు మనకు ఎక్కువ పనికొస్తాయి. వీధి దీపాలు వేయించాల్సినవాళ్లు, రాత్రి షిఫ్టుకి బస్సు నడపాల్సినవాళ్లు, వెకిలిచేష్టలు చేసేవాడిని పట్టుకోవాల్సినవాళ్లు మన చేతిలో మూడంగుళాల చాకు పెట్టి 'మీ రక్షణ మీరే చూసుకోండి' అంటే ఒప్పుకుందామా?

చాకు నాకు కావాలి, భయం కోసం కాదు, పని కోసం. స్టేషన్లో ఆ పెద్దాయన దోసకాయ కోసుకున్నంత నిశ్చింతగా నేనూ జామకాయ కోసుకోవాలి. నాకు కావలసింది అంతే!

చాకు చేతికివ్వకూడదు, తగాదాలొస్తాయంటారు కదా. అందుకని మా ఆడబిడ్డ కూతురొచ్చిన రోజు బల్లమీద పెట్టాను, తనే తీసుకుంది. లాకు వేయడం, తీయడం నాలుగుసార్లు చేయించాను. వాళ్ల మామయ్య కళ్లద్దాలు పెట్టుకుని మరీ పరీక్షించి, "మంచిగుంది" అన్నారు. మా ఇంట్లో దానికి మించిన సర్టిఫికెట్ లేదు!

నిన్న ఫోన్ చేసింది. "అత్తా, ఇప్పుడు వాళ్లే నన్ను 'చెల్లె, జర నీ చాకియ్యవా' అని అడుగుతున్నరు" అని ఒకటే నవ్వు.