ఊరికే "బాగుంది" అంటే సరిపోదు



పోయిన శనివారం డ్రాయింగు క్లాసులో మనం తీసిన నలుపు తెలుపు ఫోటోలు గోడకి అంటించి, మంచి చెడ్డలు చెప్పుకున్నాం కదా. వస్తువుల ఫోటోలే తియ్యాలని మేడం చెప్పారు. వస్తువు కదలదు కాబట్టి సులువే అనుకున్నాం. కానీ ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో రాస్తున్నాను.

నేను మా నాయనమ్మ సొరబుర్రని ఫోటో తీశాను. పోడుకి పోయేటప్పుడు ఆమె అందులోనే జావ పోసుకొని పోతుంది. నా ఫోటో చూసి కొందరు నవ్వారు. "ఇదేందే, అడవి వస్తువు పెట్టావు? పూలకుండీ దొరకలేదా?" అన్నారు. నా స్నేహితురాలు నేను బాధపడతానని "బాగుంది" అన్నది. అంతే. ఇంకెవరూ ఏమీ చెప్పలేదు.

రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఆ ఫోటో మళ్లీ చూశాను. నిజం చెప్తున్నా, అది బాగాలేదు. ట్యాబ్‌లో ఫ్లాష్ వేసి తీశాను. వెలుగు ఎదురుగా కొట్టి, గుండ్రటి బుర్ర అట్టముక్క లాగా అయింది. వెనకాల ట్రంకుపెట్టె, ఆరేసిన తువ్వాలు కూడా పడ్డాయి. బుర్ర మెడ దగ్గర నాయనమ్మ చెయ్యి పట్టీ పట్టీ నున్నగా అరిగిన చోటు ఉంటుంది. బీట పడిన చోట తాడు చుట్టి ఉంటుంది. ఆ రెండూ ఫోటోలో కనపడలేదు. అంటే మా నాయనమ్మే అందులో లేదు. వాళ్లు నవ్వినందుకన్నా దానికే నాకు ఎక్కువ బాధేసింది.

అందుకే నా అభిప్రాయం చెప్తున్నా. నవ్వితే ఎవరూ నేర్చుకోరు. ఊరికే "బాగుంది" అన్నా నేర్చుకోరు. ఫోటో ముందు నిలబడి మూడు ప్రశ్నలు అడగాలి. వెలుగు ఎటునుంచి పడింది? వస్తువు వెనకదానిలో కలిసిపోయిందా, విడిగా కనపడుతోందా? నువ్వు ఏది చూపించాలనుకున్నావు, అది కనపడిందా?

ఆదివారం పొద్దున మెస్ కిటికీ పక్కన బుర్రని పెట్టి మళ్లీ తీశాను. ఫ్లాష్ ఆపేశాను. వెలుగు పక్కనుంచి పడితే అరిగిన చోటు మెరిసింది, తాడు పురులు లెక్కపెట్టేటట్టు కనపడ్డాయి. వెనకాల నల్ల దుప్పటి కట్టాను. నీడ వైపు మరీ నల్లగా ఉంటే, తెల్ల నోటుబుక్కు తెరిచి అటు పక్కన నిలబెట్టాను. స్టీలు పళ్లెం పెడితే వెలుగు మరీ సూటిగా కొట్టింది. చెయ్యి వణక్కుండా ట్యాబ్‌ని పుస్తకాలకి ఆనించి టైమర్ పెట్టాను.

ఇంకో సంగతి. మన క్లాసులో ఒకమ్మాయి పచ్చటాకు మీద ఎర్ర మిరపకాయలు పెట్టి తీసింది. కంటికి ఎంతో బాగున్నాయి. ఫోటోలో మాత్రం రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చాయి. రంగు తీసేస్తే మిగిలేది వెలుగూ చీకటే. అవే కాయలు తెల్ల పళ్లెంలో పెడితే విడిగా కనపడతాయి.

అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఆయన 1930లో ఒక క్యాప్సికం కాయని రేకు గరాటులో పెట్టి ఫోటో తీశాడు. దాని పేరు "పెప్పర్ నంబర్ 30". కూరకి కోసుకునే కాయ ఫోటోని ఇప్పటికీ లోకమంతా చూస్తోంది. అంతకు ముందు కూడా ఆయన అలాంటి కాయల్ని చాలాసార్లు తీశాడు. కూరకాయకే అంత గౌరవం దొరికితే, మన బుర్ర, మన చేట, మన విల్లు ఏం తక్కువ? అయితే మనవని చెప్పి తప్పులు దాచొద్దు. మనవి కాబట్టే ఇంకా బాగా తియ్యాలి.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. సెలవుల తర్వాత ఒక్కొక్కరం ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చుకోనివ్వండి. ఆదివారం పొద్దున ఒక గంట మెస్ కిటికీ మాకు ఇవ్వండి.

ఈసారి తల్లిదండ్రుల మీటింగుకి మా నాయనమ్మ వస్తానంది. ఆమెకి చదువు రాదు. నేను రాసిన ఈ కాగితం చదవలేదు. కానీ పక్కన అంటించిన ఫోటో చూస్తుంది. తన చెయ్యి పట్టుకునే చోటు గుర్తుపడుతుందో లేదో చూడాలి. అదే నాకు అసలైన మార్కు.

— 9వ తరగతి విద్యార్థిని