రంగం నుంచి రామెన్ దాకా: ఫుడ్ కోర్టులో మన కుర్చీ ఎక్కడ?



ఈ వారం సంక్షేమ హాస్టళ్ళ మెనూ మీద రాస్తానని మాటిచ్చాను. ఆ భాగం సగం రాసి పక్కన పెట్టాను. మధ్యలో ఒక ఆదివారం సాయంత్రం జరిగింది నన్ను వదలడం లేదు, ముందు అది చెప్పేస్తాను.

మా అక్క కూతురు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కొరియన్ సీరియళ్ళు చూసీ చూసీ ఆ పిల్లకి రామెన్ తినాలని కోరిక. "మావయ్యా, ఎప్పుడూ మీటింగులేనా, ఒక్కసారి ఎల్దాం" అంది. విశాఖలో ఒక పెద్ద మాల్‌కి తీసుకెళ్ళింది. పేరెందుకు, అన్నీ ఒకేలా ఉంటాయి. పై అంతస్తులో ఆసియా రుచుల ఫుడ్ కోర్టు: జపాన్ వాళ్ళ రామెన్, సుషీ, కొరియా వాళ్ళ వేయించిన కోడి, థాయ్ కూర, టిబెట్ మోమోలు. చివర్న అద్దాల గోడ వెనక బేకరీ. దూది లాంటి మిల్క్ బ్రెడ్డు, వెల్లుల్లి, క్రీమ్ చీజ్ పెట్టిన కొరియన్ బన్ను.

నాకు అక్కడ బాగుంది. దాచడం దేనికి? ఏసీ చల్లగా ఉంది. ఎవరూ మన ఇంటిపేరు అడగలేదు. మీది ఏ వీధి అనలేదు. మా పిల్ల దర్జాగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కూర్చోవడం నేను కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. మా నాన్న ఆ వయసులో ఊళ్ళో టీ హోటల్ బయట గొంతుకు కూర్చుని, చూరులో దోపిన తన గ్లాసు తానే తీసి, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపేవాడు. రెండు గ్లాసుల పద్ధతి గురించి మనం పుస్తకాల్లో చదువుతాం, ఆయన చేతుల్తో కడిగాడు.

నాన్న తర్వాత విశాఖ పోర్టులో కళాసీగా చేరాడు. జీతం రోజున బన్నుల పేకెట్టు తెచ్చేవాడు. మా ఇళ్ళల్లో రొట్టె అంటే జ్వరమొస్తే తినేది. జ్వరం లేకుండా బన్ను తినడం మాకు పండగ. బేకరీ అంటే నాన్నకి ఎందుకంత ఇష్టమో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. బన్నుకి ప్లేటు అక్కర్లేదు. గ్లాసు గొడవ లేదు. డబ్బులిస్తే కాగితంలో చుట్టి చేతికిస్తారు, నడుచుకుంటూ తినొచ్చు. అంటు కడగక్కర్లేని తిండి అది.

అలాగని బేకరీకి కులం లేదనుకుంటే పొరపాటే. ఒకప్పుడు సవర్ణ హిందువులు రొట్టెనీ బిస్కట్టునీ మైలగా చూసేవాళ్ళు. పిండి ఎవరు తొక్కారో, ఎవరి నీళ్ళు కలిపారో తెలీదని భయం. 19వ శతాబ్దంలో బెంగాల్‌లో రాజనారాయణ్ బోస్ బ్రహ్మసమాజంలో చేరినప్పుడు కులం వదిలేశామని చూపించడానికి బిస్కట్లు తిన్నారు. అప్పట్లో బిస్కట్టు తినడమే ఒక తిరుగుబాటు! మార్కెట్టు ఆ తిరుగుబాటుని ఎంత తొందరగా సర్దేసిందో చూడండి. ఆ శతాబ్దం చివర్లోనే ఢిల్లీలో హిందూ బిస్కట్ కంపెనీ వచ్చింది, తయారీ మొదలు పేకింగు దాకా పై కులాల చేతులే పడతాయని ప్రచారం చేసుకుంటూ. ఇంచుమించు ఆ రోజుల్లోనే బెంగళూరులో అయ్యంగార్ల బేకరీలు మొదలయ్యాయి. ఈరోజు మన గాజువాక నుంచి శ్రీకాకుళం దాకా ఎన్ని బోర్డుల మీద 'అయ్యంగార్ బేకరీ' అని ఉందో లెక్కపెట్టండి. లోపల పఫ్ కాల్చే కుర్రాడిది ఏ కులమైనా కావచ్చు. బోర్డు మీద మాత్రం ఆ పేరే ఉండాలి. రాజుగారి పలావు, రెడ్డిగారి మెస్సు, నాయుడుగారి బిర్యానీ, బ్రాహ్మణ భోజనం, అన్నీ ఉన్నాయి. మాలవారి బేకరీ, మాదిగవారి మెస్సు అని బోర్డు కట్టి ఎవరైనా బీచ్ రోడ్డులో కొట్టు పెట్టగలరా? 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' పేరుతో పచ్చళ్ళు, మసాలాలు అమ్మడానికి దిగినప్పుడు ఆ పేరే వార్త అయింది. అయ్యంగార్ అన్న పేరు ఏనాడైనా వార్త అయిందా?

మా పిల్ల మెనూ తిరగేస్తూ "మావయ్యా, ఇదేటి, ఖావ్ స్వే?" అని అడిగింది. బర్మా నూడుల్స్, కొబ్బరిపాల పులుసులో. వెజ్ ఒక రేటు, చికెన్ ఒక రేటు, రెండూ నాలుగు వందల పైనే. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఇంకేదో వచ్చింది.

ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. "మా తాత రంగం ఎల్లిపోనాడు" అన్న మాట వినని వాడ మన జిల్లాల్లో తక్కువ. కరువొచ్చినా, అప్పు పెరిగినా, భూస్వామి కొట్టినా ఓడెక్కి రంగం. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అన్నారు. కోరంగి రేవు నుంచి వచ్చారని పెట్టిన పేరు, పోనుపోనూ తిట్టయింది. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, బియ్యం మిల్లుల్లో చేసింది, వీధులూ పాయిఖానాలూ ఎత్తింది చాలావరకు తెలుగు కూలీలు. 1930 మే నెలలో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలని దించారు. సమ్మె తీరాక వాళ్ళని పంపించేసి మనవాళ్ళని మళ్ళీ పిలిచారు. రెండు ఆకళ్ళ మధ్య నిప్పు పెట్టి వాళ్ళు పక్కకి తప్పుకున్నారు. ఆ అల్లర్లలో చచ్చింది ఎక్కువ మన తెలుగు కూలీలే. 1942లో జపాన్ బాంబులకి లక్షల మంది భారతీయులు తిరుగుముఖం పట్టారు, ఎందరో కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు, దారిలో రాలిపోయినవాళ్ళు రాలిపోయారు. 1962లో నే విన్ సైన్యంతో గద్దెనెక్కి, తర్వాత దుకాణాలు జాతీయం చేశాక మరో విడత. అలా తిరిగొచ్చినవాళ్ళ పేరు మోస్తున్నదే మన కంచరపాలెం బర్మా క్యాంపు. సినిమా వచ్చాక కంచరపాలెం అందరికీ తెలిసింది గానీ పక్కనున్న ఆ పేరు వెనక కథ ఎందరికి తెలుసు?

ఆ నూడుల్స్‌ని మన గడ్డకి తెచ్చింది షెఫ్‌లు కాదు. తట్టాబుట్టా సర్దుకుని ఓడ దిగిన ఆడవాళ్ళు. మా వీధిలో ఒక మామ్మ ఉండేది, బర్మాలో పుట్టిన మనిషి. చేపని ఉడికించి, ముళ్ళు తీసి, శనగపిండి కలిపి పులుసు కాచి, అందులో సేమ్యా లాంటి బియ్యపు నూడుల్స్ వేసి ఇచ్చేది. మొహింగా అనేది. మాకు నోరు తిరక్క 'మోయింగ' అనేవాళ్ళం. గిన్నె పట్టుకెళితే గిన్నెడు పోసేది. ఆ మామ్మకి సొంత కొట్టు పెట్టాలని జీవితమంతా ఆశ. బండి కూడా పెట్టలేకపోయింది.

సరే, ఆ ఆసియా ఫుడ్ కోర్టుకే మళ్ళీ వద్దాం. ఆసియా అంటే మనకి రుచులు చూపిస్తున్నారు. ఆసియాలో అంటరానివాళ్ళు ఉన్నారని ఏ మెనూలో రాస్తారు? జపాన్‌లో తోలు పని, పశువుల్ని కోసే పని చేసినవాళ్ళని వెలివేశారు, వాళ్ళే బురాకుమిన్‌లు. మిగతావాళ్ళు పారేసిన పేగుల్ని వాళ్ళు నూనెలో వేయించి దాచుకుని తిన్నారు. మన బోటి కూర లాంటిదే. ఒసాకా వైపు ఆ పేగుల వేపుడు వేసిన ఊదోన్ ఇప్పుడు హోటళ్ళలో గొప్పగా అమ్ముతారు. కొరియాలో మాంసం కొట్టే కులం బెక్‌జోంగ్‌లు. ఊరి బయట ఇళ్ళు, పెద్ద కులం పిల్లాడికి కూడా వంగి దణ్ణం. ఇప్పుడు ప్రపంచమంతా కొరియన్ బార్బెక్యూ అంటున్న మాంసం ముక్క చరిత్రలో వాళ్ళ కత్తి ఉంది. 1922లో క్యోటోలో బురాకుమిన్‌లు సుయిహెయిషా అనే సమానత్వ సంఘం పెట్టుకున్నారు. మరుసటేడు 1923లో జింజులో బెక్‌జోంగ్‌లు హ్యోంగ్‌ప్యోంగ్‌సా పెట్టారు. మరో నాలుగేళ్ళకి, 1927లో, బాబాసాహెబ్ మహాడ్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నారు. అయిదేళ్ళ వ్యవధిలో మూడు దేశాల్లో మన జనం లేచారు. బాబాసాహెబ్ 1954 డిసెంబర్లో ప్రపంచ బౌద్ధ మహాసభకి వెళ్ళింది కూడా రంగూన్‌కే. మన తాతలు మలం ఎత్తిన రంగూన్‌కి. నాకు తెలిసిన ఆసియా ఇది. దీన్ని మా పిల్లకి రామెన్ గిన్నె ముందు చెప్పాను. ఆ పిల్ల పుల్లలు కింద పెట్టి విన్నది. (నూడుల్స్ చల్లారిపోయాయని తర్వాత తిట్టింది.)

మేం మాట్లాడుతుంటే ఒక అమ్మ వచ్చి పక్క టేబులు తుడుస్తోంది. యాభై దాటుంటాయి. కంపెనీ చొక్కా, చేతికి తొడుగులు. "ఆ పుల్లల్తో నిజంగా తింటారేటి బాబూ? మా మనవడు ఫోన్లో చూసి అడుగుతున్నాడు" అంది. మా పిల్ల పక్క కుర్చీ లాగి "కూర్చోండి మామ్మా, చూపిస్తాను" అంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, మేం ఇక్కడ కూర్చోకూడదమ్మా. కెమేరాలున్నాయి." మరెక్కడ తింటారని అడిగాను. కింద పార్కింగు దగ్గర మెట్లున్నాయట. కేరేజీ తెచ్చుకుని అక్కడ తింటారట. ఏ ఊరని అడిగితే, స్టీల్ ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసిన కుటుంబమని చెప్పింది. ఉద్యోగం ఇంట్లో ఎవరికీ రాలేదు. కొడుకు ప్లాంటులో కాంట్రాక్టు లేబరు, అతన్నీ తీసేశారు.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు తీసి చదవండి. మతం, కులం, లింగం, పుట్టిన చోటు పేరు చెప్పి దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, రెస్టారెంట్లలోకి, వినోద స్థలాల్లోకి ఏ పౌరుణ్ణీ రాకుండా ఆపడానికి లేదు. ఇంత పెద్ద దేశపు రాజ్యాంగంలో హోటలు మాట ఎందుకొచ్చిందో మా నాన్న గ్లాసుకి తెలుసు. 1948 నవంబర్లో రాజ్యాంగ సభలో ఆ దుకాణం అన్న మాట మీద చర్చ వస్తే, దాన్ని విశాలమైన అర్థంలో వాడామని, సేవ అమ్మే ఎవరికైనా వర్తిస్తుందని బాబాసాహెబ్ వివరించారు. వినోద స్థలం మాట ఎందుకుందో చుండూరుకి తెలుసు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసింది.

ఆ క్లాజు మా పిల్లని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. టేబులు తుడిచే అమ్మని మాత్రం కూర్చోబెట్టలేకపోయింది. ఎందుకంటే అక్కడ ఎవరూ కులం పేరు ఎత్తరు. డ్యూటీ రూలు అంటారు. రూలు రాసినవాడికి కులం తెలియకపోవచ్చు. కానీ చీపురు పట్టేవాళ్ళలో ఏ కులాలవాళ్ళు ఎక్కువో దేశానికంతటికీ తెలుసు. మోమోల కొట్లో ఉన్న డార్జిలింగ్ కుర్రాడు కూడా నిలబడే ఉన్నాడు. అతన్ని కస్టమర్లు ఏమని పిలుస్తున్నారో విన్నాను, ఇక్కడ రాయను.

కొందరు మిత్రులు అంటారు, మాల్స్ బహిష్కరించాలి, ఇదంతా కార్పొరేట్ తిండి అని. నేను ఒప్పుకోను. మన పిల్లలు రామెన్ తినాలి, సుషీ తినాలి, నచ్చకపోతే ఉమ్మేయాలి. తరతరాలు మిగిలింది తిన్నాం, ఇప్పుడు ఎంచుకుని తినడం మొదలుపెడితే దానికీ సిద్ధాంతం అడ్డం పెట్టొద్దు. నా గొడవ వేరు. ఈ ఊళ్ళో అమ్మే చోటు ఎవరికి దొరుకుతోంది?

2025లో ప్రభుత్వం బీచ్ రోడ్డు హార్బర్ పార్కు దగ్గర 13 ఎకరాల పైచిలుకు భూమిని ఒక పెద్ద మాల్ కంపెనీకి 99 ఏళ్ళ లీజుకి ఇచ్చింది. సాలగ్రామపురంలో పోర్టు భూమి లీజు మీద ఇంకో మాల్‌కి చోటు దొరికింది. అదే 2025 సెప్టెంబర్లో జీవీఎంసీ 'ఆపరేషన్ లంగ్స్' పేరుతో రోడ్ల పక్క బండ్లు, బడ్డీలు ఎత్తేసింది. పాత జైలు రోడ్డు నైట్ ఫుడ్ కోర్టు కూడా పోయింది. ఊపిరితిత్తులట! ఎవరి ఊపిరి తీసి ఎవరికి పోశారో ఆ పేరు పెట్టినవాళ్ళే చెప్పాలి. మా వీధి మామ్మ బతికుండి బండి పెట్టుకుని ఉంటే అది కూడా ఆ లారీల్లోనే వెళ్ళేది. మాల్‌కి 99 ఏళ్ళు, బండికి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గ్యారంటీ లేదు.

చట్టం లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. చోటు మార్చాలన్నా, ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళు ఎన్నికై రావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులకి తగిన చోటు ఉండాలి. ట్రాఫిక్కుకి అడ్డమని, శుభ్రత లేదని అనేవాళ్ళ మాట నేను కొట్టిపారేయను. నాకూ పిల్లలున్నారు, కాలవ పక్క వండింది తినమని చెప్పను. కుళాయి, కరెంటు, మరుగుదొడ్డి ఇచ్చి చోటు చూపించమంటున్నాను. మాల్‌కి రోడ్డు వేసి ఇవ్వగలిగిన ప్రభుత్వానికి బండికి కుళాయి ఇవ్వడం కష్టమా?

ఏయూలో, లా కాలేజీల్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక పని చెప్తున్నాను. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాసి పెట్టాను. జీవీఎంసీ వెండింగ్ కమిటీలో ఎవరెవరు ఉన్నారు, ఎన్నిక ఎప్పుడు జరిగింది, అందులో ఎస్సీ, ఎస్టీ మహిళలు ఎందరు, తీసేసిన ప్రతి బండికీ ఇచ్చిన నోటీసు కాపీ, ఈ నాలుగే ప్రశ్నలు. రేపు ఇక్కడే పెడతాను, మీ మీ జోన్లకి మార్చుకుని వేయండి. జవాబులు వచ్చినవి నాకు పంపితే ఒకచోట చేరుద్దాం.

ఆ అమ్మకి కొరియన్ బన్ను ఒకటి పేక్ చేయించి ఇచ్చాం, మనవడి కోసం. బిల్లు కూడా ఇమ్మంది. గేటు దగ్గర చెకింగులో చూపించాలట.

హాస్టల్ మెనూ భాగం వచ్చే ఆదివారం.