దానమా, అప్పా?



గతమాసమున నొక సోదరి మాకు జాబు వ్రాయుచు, "మా అమ్మాయి పరదేశమున నుద్యోగము చేయుచున్నది. స్వదేశాభివృద్ధికై ప్రవాసులు ధన మీయవలెనని యచ్చటి సభలలో ననుచుందురట. ఇచ్చినచో నది దానమగునా, అప్పగునా?" అని యడిగినది. ప్రశ్న చిన్నదే కాని మేము కొంత తడవు యోచింపవలసివచ్చినది.

ప్రభుత్వములు ప్రవాసులకు విక్రయించు బాండ్లు అప్పుపత్రములే. గడువు తీరగనే అసలును వడ్డీయు చెల్లింపవలెను. మన దేశమే యీ విధమున ఋణము తెచ్చినది. 1991లో విదేశద్రవ్యము కొఱవడి, రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారమును కుదువపెట్టెను. ఒంటిమీది నగలు తాకట్టుపెట్టిన యిల్లాలికి ఆ కష్టమెట్టిదో మేము చెప్ప నక్కఱలేదు. అంతకుముందే ప్రవాసులలో ననేకులు భయపడి యిచ్చటి బ్యాంకులనుండి తమ సొమ్ము తీసికొనిపోయిరి. (ఈ మాట సభలలో నెవరును చెప్పరు.) ఆ సంవత్సరమే ప్రవాసులకై బాండ్లు వెలువరించి 160 కోట్ల డాలర్లు కూర్చిరి.

1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరుగగా అమెరికా మున్నగు దేశములు ఆంక్షలు విధించినవి. ఆగస్టులో స్టేటు బ్యాంకు రిసర్జెంట్ ఇండియా బాండ్ల మూలమున 420 కోట్ల డాలర్లు సమకూర్చి, 2003లో వడ్డీతో తీర్చివేసినది. డాలర్ల బాండునకు వడ్డీ నూటికి 7.75; ఆనాడు అమెరికా ప్రభుత్వ ఋణమున కింత వచ్చెడిది కాదు. కావున దేశభక్తితోపాటు లాభమును గలదు. రూపాయి విలువ తగ్గినచో వచ్చు నష్టములో హెచ్చుభాగము ప్రభుత్వము తనపై వేసికొన్నది. అనగా ఇచ్చటి ప్రజలపైననే.

ఇథియోపియా కథ వేఱు. నీలనదిపై 2011లో నారంభించిన గొప్ప ఆనకట్టకు విదేశ సంస్థలు ఋణమీయకపోగా, ఆ ప్రభుత్వము స్వదేశములోని యుద్యోగుల జీతములనుండియు, ప్రవాసులనుండియు బాండ్ల రూపమున ధనము సేకరించెను. అమెరికాలో 3,100 మందికి పైగా వానిని కొనిరి. కాని యచ్చటి చట్టప్రకారము రిజిస్టరు చేయింపలేదని తేలి, 2016లో ఆ దేశపు విద్యుత్సంస్థ దాదాపు 65 లక్షల డాలర్లు చెల్లింప నొప్పుకొనెను. ఆనకట్ట మాత్రము పూర్తియై 2025 సెప్టెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. కొన్నవారి ప్రేమ శుద్ధమైనదే. కాగితమే సరిగా లేదు.

ఇట్టి బాండ్లు కొనువారు మిగులు సొమ్ము గలవారు. మన గోదావరి, కడప సీమలనుండి కువైట్‌నకు పోయి పరుల యిండ్లలో పనిచేయు స్త్రీల సంపాదన పిల్లల చదువులకును, పాత బాకీలకును, ఇంటి కప్పునకునే పోవును. దానిని దేశాభివృద్ధి యనువా రరుదు. మే మట్లే యనుచున్నాము.

ఇక మన సోదరికి. చీటీ వేయుటకుముందు మీరు పాడుకొన్నవారెవరు, హామీ యెవరు, ఎన్నడు చేతికి వచ్చునని యడుగుదురు గదా! అమ్మాయియు నవియే ప్రశ్నలు వేయవలెను. దానితోపాటు, ఏ నాణెమున తిరిగి యిత్తురో, ఆమె యుండు దేశపు చట్టమందులకు సమ్మతించునో లేదో కనుగొనవలెను. వ్రాతపూర్వకమగు జవాబు రానిచో, ఇచ్చెడి సొమ్మును దానమనియే యెంచి, పోయినను విచారింపని మేరకే యీయుమని వ్రాయుడు. ఆమె యేమి నిశ్చయించినదో మాకు మఱల తెలియజేయ కోరుచున్నాము.