గుమ్మం దగ్గర ఆగిన ఓట్లు

ఓట్ల తేడా తక్కువున్నప్పుడు అందరి కళ్లూ లెక్కపెట్టే బల్ల మీదే ఉంటాయి. బూతు గుమ్మం నుంచే వెనక్కి పోయినోళ్లను ఎవరూ లెక్కపెట్టరు. 2008 మే 6న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జరిగింది ఇదే.

అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అక్కడ చాలా రాష్ట్రాల్లో ఓటర్లే ఓటేసి చెప్తారు. దాన్ని ప్రైమరీ అంటారు. ఆ రోజు డెమొక్రటిక్ పార్టీలో హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా తలపడ్డారు. 12 లక్షలకు పైగా ఓట్లు పడితే క్లింటన్ 14 వేల పైచిలుకు తేడాతో గట్టెక్కింది. ప్రతినిధుల్లో ఆమెకు 38 మంది, ఆయనకు 34 మంది.

ఆ రాత్రి ఆలస్యమైంది లేక్ కౌంటీ లెక్క. గ్యారీ పట్నం అందులోదే. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, 1967లోనే నల్లజాతి మేయర్ని గెలిపించుకున్న ఊరు. ముందస్తుగా పడిన ఓట్లు వేలల్లో ఉన్నాయి, లెక్కపెడుతున్నాం అని చెప్పినా టీవీల్లో అనుమానాలు మొదలయ్యాయి. నల్లవాళ్ల ఊరి లెక్క ఆలస్యమైతే అందరికీ దొంగతనమే గుర్తుకొస్తుందా? లెక్క తేలాక గెలిచింది క్లింటనే కదా!

అసలు సంగతి వేరే చోట జరిగింది. ప్రభుత్వం ఇచ్చిన ఫోటో కార్డు చూపితేనే ఓటు అని 2005లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ప్రైమరీకి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు 6-3తో దాన్ని సరేనంది. ఒకరి ఓటు ఇంకొకరు వచ్చి వేసినట్టు ఇండియానాలో ఒక్క సాక్ష్యమూ లేదని ఆ తీర్పులోనే ఉంది. లేని దొంగ కోసం తాళం వేశారన్నమాట. సౌత్ బెండ్‌లో ఓటుకొచ్చిన డజను మంది దాకా ముసలి సిస్టర్లు కార్డు లేక ఓటెయ్యకుండానే పోయారు. వాళ్లను ఆపిన బూతు ఉద్యోగి కూడా వాళ్లతోటి సిస్టరే! కారు నడపనివాళ్లు, ముసలివాళ్లు, పేదవాళ్లు - ఎక్కడైనా కార్డు ఉండనిది వీళ్ల దగ్గరే.

అంత దూరపు గొడవ మనకెందుకంటారా? ప్రైమరీ మనకు కొత్త కాదు. 1932 పూనా ఒప్పందంలో ఉంది. రిజర్వుడు సీటుకి ముందు అంటరాని కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచాలి. తర్వాత ఆ నలుగురిలో ఒకర్ని అన్ని కులాల ఓటర్లూ కలిసి గెలిపించాలి. మనవాళ్లు మొదట నిలబెట్టినవాడు ఓడిపోయి, నాలుగోవాడు గెలవటానికి అందులోనే దారి ఉంది. గడువు పెట్టి ఇచ్చిన ఆ అరకొర ఏర్పాటు కూడా స్వాతంత్ర్యం వచ్చాక మిగల్లేదు.

ఇప్పుడు రిజర్వుడు సీటు టికెట్ ఎవరికో వాడలో ఎవర్నీ అడగరు. బీఫారం ఎవరింట్లో రాస్తారో అందరికీ తెలుసు. ఈసారి ఓట్లకొచ్చే పార్టీలన్నింటినీ మేం అడిగేది ఒక్కటే, మీరూ అడగండి: ఈ పేరు మీకు ఎవరు చెప్పారు? మమ్మల్ని ఎప్పుడు అడిగారు?