అంచు మారితే చీర మారినట్టా?

"అన్ని బ్రౌజర్లూ ఒకటే, మార్చి ఏం చేస్తావ్?" అంటారు మా ఇంట్లో. అన్నీ ఒకటైపోతున్నాయనే కదా నా గొడవ!

ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ అని పేర్లు వేరైనా అన్నింటి లోపలా ఉన్నది గూగుల్ నడిపించే క్రోమియమే. మా గద్వాల చీరకు పట్టు అంచు ఏ రంగుదైనా బాడీ అంతా నూలే అయినట్టు. పోనీ, క్రోమ్‌ను మనం ఎంచుకున్నామా? ఫోన్‌తో పాటే వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లు ముందే పెట్టించడం కూడా తప్పేనని 2022లో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఫైర్‌ఫాక్స్ వేరే మగ్గం మీద నేసిన చీర. ఫోన్‌లోనూ యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకుంటే ప్రకటనల బెడద చాలావరకు పోతుంది. మెనూలు తెలుగులో చదువుకోవచ్చు. "దానికీ గూగుల్ డబ్బే ఆధారం కదా" అంటారు. చాలావరకు నిజమే. అందుకే వాడేవాళ్లు ఇంకా తగ్గితే ఆ మగ్గమూ ఆగుతుందని నా భయం.

ఏదైనా సైటు మొరాయిస్తే దానికి మాత్రం క్రోమ్ ఉంచుకోండి. మిగతావన్నీ మార్చండి. బియ్యం కొనాలంటే నాలుగు దుకాణాలు తిరిగి, గింజ నోట్లో వేసుకుని చూసే మనం, పిల్లల చదువూ బ్యాంకు పనీ నడిచే దాన్ని ఎవరో పెట్టిచ్చారని వాడేయడమేమిటి?